ఒకేసారి అయిదు పనులు చెప్పకండి

పిల్లల ఓ.పి.కి వచ్చే తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటి ఉన్నది. "సిస్టరమ్మగారూ, జ్ఞాపకశక్తికి మంచి టానిక్ ఏదైనా రాయించండి. వీడికి ఏది చెప్పినా నిలవడం లేదు." జ్వరానికో దగ్గుకో వచ్చి, చీటీ రాయించుకున్న తరువాత, వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి అడుగుతారు. పక్కనే ఆ పిల్లవాడు తల వంచుకుని నిలబడి ఉంటాడు. స్కూల్లో శ్రద్ధ లేనివాడని, ఇంట్లో మొండివాడని, ట్యూషన్‌లో సోమరి అని మూడు చోట్ల మూడు పేర్లు తెచ్చుకున్న పిల్లలు వీరు. మా అభిప్రాయం ముందే చెబుతాము. ఇటువంటి పిల్లల్లో చాలామందికి టానిక్ వలన ఒరిగేది ఏమీ లేదు, దెబ్బల వలన కీడే జరుగుతుంది. వారికి చెప్పే మాట పొట్టిగా ఉండాలి. చెప్పిన మాట కంటికి కనబడేటట్లు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎందుకు ఇలా అంటున్నామో కొంచెం ఓపికగా చదవండి.

తల్లి పొయ్యి దగ్గర నుంచే కేక వేసి చెబుతుంది. "నాన్నా, కొట్టుకెళ్ళి అరకిలో ఉల్లిపాయలు, ఒక కొత్తిమీర కట్ట, అగ్గిపెట్టె పట్టుకురా. వచ్చేటప్పుడు పెద్దమ్మ వాళ్ళింట్లో మన గిన్నె అడిగి తీసుకో. చిల్లర సరిగా చూసుకో." వాడు ఉల్లిపాయలతో తిరిగి వస్తాడు, గిన్నె సంగతి అడిగితే బిక్కమొహం వేస్తాడు. అదే పిల్లవాడు సండే స్కూల్లో 23వ కీర్తన మొదటి నుండి చివరి దాకా తడబడకుండా చెబుతాడు. వి.బి.ఎస్.లో నేర్చుకున్న పాటలన్నీ అభినయంతో సహా వచ్చు. అందుకే తల్లికి కోపం. పాటలన్నీ గుర్తుండి నేను చెప్పిందే గుర్తుండదా, కావాలనే చేస్తున్నాడు అంటుంది.

నిజానికి ఈ రెండూ ఒకే జ్ఞాపకం కావు. కీర్తన పదిసార్లు, ఇరవైసార్లు వల్లించి బీరువాలో పెట్టుకున్నటువంటిది. అది ఏళ్ళ తరబడి ఉంటుంది. కొట్టు సామాన్ల జాబితా అలా కాదు. అది ఇప్పుడే విన్నది, పని అయ్యేదాకా చేతిలో పట్టుకుని నడవవలసినది. ఈ రెండవ దానినే వర్కింగ్ మెమరీ అంటారు. అనగా పని చేస్తూ ఉండగా ఆ పనికి కావలసిన సంగతులను మనసులో నిలిపి ఉంచే శక్తి. దీనిని చేతిలో పట్టుకున్న చిన్న ట్రే అనుకోండి. ట్రేలో పట్టేవి కొన్నే. ఇంకొకటి పెడితే ఒక పక్క నుంచి ఏదో జారి పడుతుంది. పడినది మళ్ళీ దొరకదు, ఎవరైనా తిరిగి చెబితే తప్ప.

ట్రే ఎంత చిన్నదో శాస్త్రజ్ఞులు చాలాకాలంగా కొలుస్తున్నారు. అమెరికాకు చెందిన జార్జి మిల్లర్ 1956లో రాసిన పత్రంలో పెద్దవారు కూడా ఒక్కసారి విని నిలుపుకోగలిగేవి సుమారు 7 అంశాలే, కొందరికి రెండు ఎక్కువ, కొందరికి రెండు తక్కువ అన్నాడు. నెల్సన్ కోవన్ 2001లో ఆ లెక్క కూడా ఎక్కువే, అసలు సంఖ్య 4 దరిదాపుల్లో ఉంటుందని చూపాడు. ఎంతసేపు నిలుస్తుందో కూడా చూశారు. 1959లో పీటర్సన్ దంపతులు కాలేజీ విద్యార్థులకు మూడంటే మూడు అక్షరాలు చెప్పి, మనసులో వల్లించుకోవడానికి వీలు లేకుండా వెంటనే అంకెలు వెనక్కు లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లు గడిచేసరికి ఆ మూడు అక్షరాలు పదింట ఒకసారి కూడా సరిగా చెప్పలేకపోయారు. చదువుకున్న యువకుల సంగతే ఇది. రెండో తరగతి పిల్లవాడిని ఎందుకు తిడుతున్నామో ఒకసారి ఆలోచించండి.

బ్రిటన్‌లో అలన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో దీనికి ఒక నమూనా ఇచ్చారు. మా వార్డు మాటల్లో చెప్పాలంటే, డెస్కు దగ్గర ఒక ఇన్‌చార్జి సిస్టరు, ఆమె కింద ఇద్దరు సహాయకులు. ఒకరు విన్న మాటలను లోలోపల వల్లిస్తూ నిలుపుతారు. ఇంకొకరు చూసిన వాటి బొమ్మను నిలుపుతారు. ఇన్‌చార్జి దేని మీద దృష్టి పెట్టాలో నిర్ణయిస్తుంది. కొందరు పిల్లలకు విన్నది నిలవదు, చూసినది బాగానే నిలుస్తుంది. తల్లులు ఇది గమనిస్తే సగం దారి దొరికినట్లే.

ఇక్కడ నర్సులుగా మా సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫోన్‌లో డాక్టరుగారు మందు చెబితే మేము ఊరికే విని వెళ్ళి ఇవ్వము. వెంటనే రాసుకుంటాము, రాసినది తిరిగి చదివి వినిపిస్తాము, ఆయన అవునన్న తరువాతే ముందుకు వెళతాము. తరువాత ఆయన వచ్చి సంతకం చేస్తారు. డ్యూటీ మారేటప్పుడు రిపోర్టు పుస్తకం ఉంటుంది, మంచానికొక చార్టు ఉంటుంది. మందుల ట్రే సర్దే సిస్టరును ఎవరూ పిలవకూడదు, మధ్యలో పలకరిస్తే డోసు తప్పే ప్రమాదం ఉన్నది కనుక. ముప్పయి ఏళ్ళ అనుభవం ఉన్న సిస్టరుకైనా ఇదే నియమం. దీనిని ఎవరూ మతిమరుపు అనరు, జాగ్రత్త అంటారు. పెద్దవారికి కాగితం ఇచ్చి, ఏడేళ్ళ పిల్లవాడిని మాత్రం అన్నీ మనసులో పెట్టుకో అనడం మాకు న్యాయంగా కనబడదు.

ఇప్పుడు తరగతి గదిలోకి రండి. టీచరు అంటారు: "లెక్కల పుస్తకం తీసి, 42వ పేజీ తిప్పి, నోట్సులో మార్జిన్ కొట్టి, తేదీ వేసి, మూడో లెక్క చెయ్యండి." మనవాడు పుస్తకం తీస్తాడు. పేజీ ఎంతో పోయింది. పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తాడు. కాపీ కొడుతున్నావా అని దెబ్బ. డిక్టేషన్‌లో ఏడెనిమిది మాటల వాక్యం చెబితే, మొదటి రెండు మాటలు రాస్తాడు, ఒక ఒత్తు దగ్గర ఆగి ఇది ధ ఒత్తా ద ఒత్తా అని ఆలోచిస్తాడు, ఆ లోగా మిగతా వాక్యం జారిపోతుంది. బోర్డు మీద నుంచి ఎక్కించుకునేటప్పుడు తల ఎత్తి చూసి తల దించేలోగా ఏ వరుసలో ఉన్నాడో తెలియదు. ఒక వరుస వదిలేస్తాడు, లేదా అదే వరుస రెండుసార్లు రాస్తాడు. 47కు 38 కలపమంటే ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదు వేసి చేతిలో ఒకటి అంటాడు, నాలుగూ మూడూ ఏడు అని 75 రాసి ఊరుకుంటాడు. చూడండి, కూడిక వచ్చు. చేతిలో ఉన్న ఆ ఒకటే జారింది. ఎర్ర ఇంకుతో కొట్టేసిన ఆ లెక్కను చూసి వీడికి లెక్కలు రావు అనేస్తారు.

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. ఇంకా బాగా పట్టుబడని భాషలో లెక్క చదవగానే ముందు ఆ వాక్యానికి అర్థం వెతకాలి. ట్రేలో సగం చోటు దానికే పోతుంది, అంకెలకు మిగిలేది తక్కువ. ఇంగ్లీషు మీడియం వద్దని మేము చెప్పడం లేదు. లెక్క ఒకసారి తెలుగులో చెప్పి చూడండి. అప్పుడు చేయగలిగితే లోపం లెక్కల్లో లేదని తెలుస్తుంది.

ఇటువంటి పిల్లలు ఎందరు ఉంటారు అంటారేమో. ట్రేసీ ఆలోవే, సుసాన్ గాథర్‌కోల్, వారి తోటివారు బ్రిటన్‌లో 5-6 ఏళ్ళు, 9-10 ఏళ్ళు వయసున్న 3 వేలకు పైగా పిల్లలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు పదిమందిలో ఒకరికి వర్కింగ్ మెమరీ బాగా తక్కువగా ఉన్నది. వారిలో ఎక్కువమంది చదవడంలోను లెక్కల్లోను వెనుకబడే ఉన్నారు. టీచర్లు వారి గురించి ఎక్కువగా చెప్పిన మాట మాత్రం ధ్యాస లేదు, దృష్టి ఇట్టే మళ్ళిపోతుంది అని. మరొక సంగతి. 7-8 ఏళ్ళ పిల్లలు 30 మంది ఉన్న తరగతిలో కనీసం ముగ్గురికి నాలుగేళ్ళ వారికి ఉండేంత, మరో ముగ్గురికి పదకొండేళ్ళ వారికి ఉండేంత వర్కింగ్ మెమరీ ఉంటుందని గాథర్‌కోల్, ఆలోవే తమ పుస్తకంలో రాశారు. ఒకే బెంచీ, ఒకే యూనిఫారం, ఒకే మాట టీచరు నోటి నుంచి. అందరికీ ఒకటే అందదు. తెలివి వేరు, ఇది వేరు అని కూడా గుర్తుంచుకోండి. మంచి తెలివిగల పిల్లల్లోనూ ఈ ట్రే చిన్నదిగా ఉండవచ్చు. ఇది పద్నాలుగు, పదిహేను ఏళ్ళ దాకా పెరుగుతూ పోతుంది, అయితే తోటివారిది కూడా పెరుగుతుంది కాబట్టి తేడా దానంతటదే పూడిపోతుందని ఊరుకోకూడదు.

ప్రవర్తన సంగతి ఇక్కడే వస్తుంది. ఏమి చేయాలో మరచిన పిల్లవాడు ఏమి చేస్తాడు? పెన్సిలు చెక్కుతాడు, నీళ్ళకు వెళ్ళొస్తానంటాడు, పక్కవాడిని గిల్లుతాడు, ఏదో జోకు వేస్తాడు. అల్లరి అనిపిస్తుంది. చాలాసార్లు అది దారి తప్పినవాడు చేసే పని మాత్రమే. కొందరు అల్లరి కూడా చేయరు, మౌనంగా కూర్చుంటారు. ఆడపిల్లల్లో ఇది ఎక్కువగా మా కంటబడుతుంది. ఆ అమ్మాయి చంకలో తమ్ముడు, పొయ్యి మీద పాలు, ఎదురుగా హోంవర్కు. పాలు పొంగుతాయేమో, తమ్ముడు పడతాడేమో అని చూస్తూ ఆ పిల్ల లెక్క చేయాలి. ట్రేలో లెక్కకు చోటెక్కడ? గంటసేపు ఆమెకు పని చెప్పకుండా వదిలితే ఏమవుతుందో ఆ ఇంటివారు ఒక వారం చూడాలని మా కోరిక.

భయం కూడా ట్రేలో చోటు తీసుకుంటుంది. ఇది చాలామందికి తెలియని సంగతి, మాకు మాత్రం దీని మీద చాలా పట్టుదల ఉన్నది. అమెరికాలో మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ 2001లో ప్రచురించిన పరిశోధనలో లెక్కలంటే బెదురు ఉన్నవారికి, లెక్క చేసే సమయంలో, వర్కింగ్ మెమరీ తగ్గిపోతున్నట్లు తేలింది. బెత్తం ఎత్తి "చెప్పు, ఏడు ఎనిమిదులు ఎంత?" అంటే ఉన్న కాస్త చోటూ బెత్తం ఆక్రమిస్తుంది. తప్పు చెబుతాడు, దెబ్బ పడుతుంది, రేపు ఇంకా భయం. చట్టం కూడా దీనిని ఒప్పుకోదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. అయినా గట్టిగా నాలుగు తగిలించండి సార్ అని టీచరుకు అప్పజెప్పి వచ్చే తండ్రులు ఉన్నారు. అయ్యా, దయచేసి ఆ మాట మానండి.

టానిక్ మాటకు వద్దాము. బజారులో జ్ఞాపకశక్తి పేరుతో అమ్మే సీసాలు వర్కింగ్ మెమరీని పెంచుతాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు కొనండి. కంప్యూటరులోను ఫోనులోను మెదడుకు వ్యాయామం అంటూ ఆటలు అమ్ముతున్నారు. మోనికా మెల్బీ లెర్వాగ్, చార్లెస్ హ్యూమ్ ఇటువంటి శిక్షణ మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి 2013లో చెప్పినది ఏమనగా, పిల్లలు ఆ ఆటల వంటి పనుల్లో కొంతకాలం మెరుగవుతారు, చదవడంలోను లెక్కల్లోను మెరుగవుతారనడానికి ఆధారం దొరకలేదు. అమెరికాలో లుమోసిటీ అనే ఆటల సంస్థ తన ప్రకటనల విషయమై అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకుని 2016లో 20 లక్షల డాలర్లు చెల్లించింది. అప్పు చేసి ఇటువంటి కోర్సుల్లో చేర్పించవద్దని మా మనవి.

అయితే పరీక్ష చేయించవలసినవి కొన్ని ఉన్నాయి, వాటిని వదలకండి. చెవిలో చీము కారే పిల్లవాడికి మాట సగమే వినబడుతుంది. విననిది ఎలా నిలుస్తుంది? చూపు తక్కువైతే బోర్డు కనబడదు. రక్తహీనత మరొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6 నెలల నుండి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. ఐరన్ లోపం ఉన్న పిల్లవాడు నీరసంగా, ధ్యాస లేకుండా ఉంటాడు. పరీక్ష చేసి లోపం ఉంటే డాక్టరుగారు ఐరన్ మందు ఇస్తారు. లోపం లేని పిల్లలకు మీ అంతట మీరు ఐరన్ పోయకండి. రాత్రి పదకొండు దాకా టీవీ చూసే పిల్లవాడికి నిద్రే మందు. ఇంకొకటి మరీ ముఖ్యం. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, మళ్ళీ ఏమీ జరగనట్లు ఉండే పిల్లలను పరధ్యానం అని తిడతారు. అది రోజుకు పలుసార్లు వస్తూ, పిలిచినా తాకినా పలకకుండా ఉంటే ఒక రకమైన ఫిట్స్ కావచ్చు. దానికి మంచి మందులు ఉన్నాయి. అలాగే నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఈ వర్కింగ్ మెమరీ ఇబ్బంది మిగతావారి కంటే ఎక్కువగా కనబడుతుంది. వారిని బడిలో వేసేటప్పుడే టీచరుకు ఆ సంగతి చెప్పండి. ఒక్కచోట నిలవలేకపోవడం, ఆలోచించకుండా దూకడం కూడా ఉంటే అది ఎ.డి.హెచ్.డి. అవునో కాదో పిల్లల డాక్టరు చూసి చెప్పాలి.

ఇంట్లో చేయవలసినది పెద్ద కష్టం కాదు. ముందు పిల్లవాడి దగ్గరకు వెళ్ళండి, టీవీ ఆపండి, ఒక్క పని చెప్పండి. అది అయ్యాక రెండవది. "ఏమి చెప్పానో ఒకసారి నాకు చెప్పు నాన్నా" అని అడగండి, పోలీసు అడిగినట్లు కాకుండా. కొట్టుకు పంపితే చీటీ రాసివ్వండి, చదవడం రానివాడికైతే ఉల్లిపాయ బొమ్మ, అగ్గిపెట్టె బొమ్మ గీసి ఇవ్వండి. పొద్దున లేచింది మొదలు బడికి వెళ్ళేదాకా చేయవలసిన పనులు ఒక అట్టముక్క మీద వరుసగా రాసి గోడకు కట్టండి. అట్ట వైపు వేలు చూపితే చాలు, కేకలు అక్కరలేదు. టీచర్లకు కూడా మా విన్నపం ఇదే: పేజీ నంబరు బోర్డు మీద రాయండి, డిక్టేషన్ మూడు నాలుగు మాటల చొప్పున చెప్పండి, పెద్ద లెక్కను ముక్కలు చేయండి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే ఊరుకోండి, రఫ్ పని పక్కన చేసుకోనివ్వండి. మరచిపోతే మళ్ళీ అడగవచ్చునని తరగతిలో అందరి ముందు చెప్పండి. ఆ ఒక్క మాటతో మౌనంగా కూర్చున్నవారిలో కొందరు నోరు తెరుస్తారు.

ఇలా అన్నీ రాసిస్తే పిల్లవాడు సోమరి అయిపోడా అని తాతయ్యలు, నాయనమ్మలు అడుగుతారు. మా కాలంలో ఎక్కాలు ఇరవై దాకా నోటికి అప్పజెప్పేవాళ్ళము అంటారు. వారు చెప్పేదానిలో నిజం ఉన్నది. ఎక్కాలు, గుణింతాలు, ఒత్తులు కంఠతా వస్తే అవి బీరువాలోకి చేరతాయి, ట్రే ఖాళీ అవుతుంది, ఆ చోటును అసలు లెక్క వాడుకుంటుంది. కాబట్టి తాతయ్యగారూ, ఎక్కాలు మీరే నేర్పండి. రోజుకు కొంచెం, పాటలాగా, భయం లేకుండా. చీటీ కూడా ఇవ్వండి. కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు సోమరి అయిపోయిన సంగతి మేము ఎక్కడా చూడలేదు.

ఇవన్నీ రెండు మూడు నెలలు చేసినా మార్పు కనబడకపోతే పిల్లవాడిని పిల్లల ఓ.పి.కి తీసుకురండి. వచ్చేటప్పుడు మంచి నోట్సు ఒక్కటే కాదు, కొట్టివేతలు ఉన్న రఫ్ పుస్తకం కూడా తెండి, తప్పు ఎక్కడ జారిందో అందులోనే కనబడుతుంది. టీచరుగారు గమనించినవి ఒక కాగితం మీద రాయించుకోండి. పుట్టినప్పటి డిశ్చార్జి చీటీ ఉంటే మరువకండి. చదవడం, రాయడంలో ఇబ్బంది చాలా ఎక్కువగా ఉంటే డాక్టరుగారు సైకాలజిస్టు పరీక్షకు పంపవచ్చు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం 2016 వికలాంగుల హక్కుల చట్టంలో చేరింది కనుక, సర్టిఫికెట్ వస్తే పరీక్షల్లో అదనపు సమయం వంటి సౌకర్యాలు అడగడానికి వీలుంటుంది. ఆ పూట పిల్లవాడికి అన్నం పెట్టి, ముందు రాత్రి బాగా నిద్రపోనిచ్చి తీసుకురండి. రక్తపరీక్ష రాస్తే, వినికిడి పరీక్ష, అంకెలు చెప్పించే పరీక్ష అయిన తరువాతే రక్తం తీయమని కౌంటరు దగ్గర సిస్టరును అడగండి. సూది భయం ముందు పెట్టుకుని కూర్చున్న పిల్లవాడికి నాలుగు అంకెలు కూడా నిలవవు.